తొంభై ఆరు అప్‌డేట్ల డిస్కు

"ఏం పనిచెయ్యట్లేదో చెప్పండి సార్, ఇప్పుడే చూస్తాను," అన్నాడు టెక్నీషియన్.

"అది చెప్పడానికేగా నిన్ను పెట్టుకుంది." మేనేజరు ఫిర్యాదుల కట్ట బల్లమీద పడేశాడు. "వారంలో పదకొండు వచ్చాయి. నా కంప్యూటరూ అదోలా ఉంది, దాంతో పన్నెండు. నెలాఖరుకి నీ కాంట్రాక్టు పొడిగించాలో వద్దో వీటిని చూసే రాయాలి మరి."

టెక్నీషియన్ ఆ కట్ట చేతిలోకి తీసుకున్నాడు. పోయిన వారమే అతను ఆ ఆఫీసుకి మహోపకారం చేసి ఉన్నాడు. అంతకుముందు పాత డిస్కుతో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, ఆపైన తొంభై ఆరు అప్‌డేట్లు ఒక్కొక్కటే వేసేసరికి ఒక్కో కంప్యూటరుకి పూట గడిచేది. నాలుగు రోజులు కూర్చుని ఆ అప్‌డేట్లన్నీ డిస్కులోనే కలిపేశాడు. చోటు చాలకపోతే, సిస్టమ్‌తో పాటు వచ్చే హంగుల్లో ఆఫీసు పనికి అక్కర్లేదని తోచినవాటికల్లా టిక్కులు పెట్టి తీసేశాడు. ఆ కొత్త డిస్కుతో ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒక్కోటి నలభై నిమిషాల్లో సిద్ధం చేశాడు. చప్పట్లు కొడతారని అనుకోలేదు గానీ, చీవాట్లు పడతాయనీ అనుకోలేదు.

సీటు సీటుకీ తిరిగాడు.

"దీంట్లో ఏం చెయ్యాలో తోచట్లేదు నాయనా," అంది రికార్డులు చూసే పెద్దావిడ.

"వేగంగానే ఉంది కదమ్మా?"

"అదే బాధ. పదకొండింటికే పనైపోతోంది."

స్టోర్‌కీపరు మౌస్ మొద్దుబారిందన్నాడు. కొత్తది తెచ్చి పెడితే గంట తర్వాత వచ్చి, "ఇదీ అంతే," అన్నాడు.

హెడ్‌క్లర్కు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "పాతదాంట్లో ఒక కళ ఉండేది బాబూ."

"కళంటే ఏంటండీ?"

"అన్నీ విడమరిచి చెప్పాలా? చదువుకున్నవాడివి, నువ్వే అర్థం చేసుకోవాలి."

రోగి నోరు విప్పకపోతే వైద్యుడేం చేస్తాడు? కేబుళ్ళు మార్చాడు, దుమ్ము దులిపాడు, అందరికీ దండాలు పెట్టాడు. ఫిర్యాదులు మాత్రం ఆగలేదు.

"పాత డిస్కే వెయ్యి," అన్నాడు మేనేజరు చివరికి.

"మళ్ళీ పూటలు పూటలు పడుతుంది సార్. స్టాఫంతా చేతులు కట్టుకుని కూర్చోవాలి."

"కూర్చుంటారు. ఆఫీసు కోసం ఆమాత్రం త్యాగం చెయ్యలేరా?"

గుండె రాయి చేసుకుని పాత డిస్కు వేశాడు. తొంభై ఆరు అప్‌డేట్లూ మళ్ళీ ఒక్కొక్కటే, పన్నెండు కంప్యూటర్లకీ. ఫిర్యాదులు మంత్రం వేసినట్టు ఆగిపోయాయి. మేనేజరు రెండేళ్ళ పొడిగింపు మీద సంతకం పెట్టి, "ఇప్పటికి పని నేర్చుకున్నావు," అని మెచ్చుకున్నాడు.

ఉద్యోగం నిలిచినందుకు సంతోషమే. కానీ పనిమంతుడికి అంతకన్నా అవమానం ఏముంటుంది? ఆ మధ్యాహ్నమే స్టోర్‌రూమ్‌లో రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో పాత డిస్కు, రెండోదాంట్లో కొత్త డిస్కు వేసి, వరసపెట్టి సరిపోల్చాడు. టైపు చేసేది ఉంది. లెక్కలు వేసేది ఉంది. ప్రింటరు పలుకుతోంది. ఎవరికీ రాని పద్నాలుగు భాషల అక్షరాలు పోయాయి గానీ, వాటికోసం ఈ ఆఫీసులో ఏడ్చేవాళ్ళు లేరు.

అవిగాక, కొత్తదాంట్లో లేనిది పేకాట ఒక్కటే.