హాస్కెట్ కారులో చప్పుడు

హాస్కెట్ కారు తాళాలు నడీన్ చేతిలో పెట్టాడు.

"ఈసారి నా కోసం కాదమ్మాయ్. కంపెనీ మ్యూజియం కడుతోందిగా. మొట్టమొదటి బండి దగ్గర్నుంచి నా ఈ రీజెంట్ కారు దాకా మన కంపెనీ చరిత్రంతా ఒక్క కప్పు కిందే. ప్రారంభం రోజున పెద్ద పెద్దవాళ్లు ఇందులో ఎక్కి వస్తారట. ఆ పాడు చప్పుడు మాత్రం వినబడకూడదు."

"చూస్తాను సార్," అంది నడీన్.

ఈ షెడ్డులో మెకానిక్‌గా చేరినప్పట్నుంచీ ఆమె ఇదే మాట చెబుతోంది. ఆయన వస్తూనే ఉన్నాడు. మలుపు తిరిగితే ఎడమ తలుపులో టక్. బ్రేకు వేస్తే టక్. ఆయన భార్య ఆ కారెక్కడమే మానేసింది.

"అంతా ఆ దొంగవెధవ పని," అన్నాడు హాస్కెట్, తలుపు మీద చరుస్తూ. "నేను ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు ఓడెల్ ప్రూయిట్ అని ఒకడుండేవాడులే నా కింద. ఒక్కరోజే రెండు పనులు చేశాడు. నా వాచీ కొట్టేశాడు, నా కార్లో సీసా పడేశాడు. మొన్న పోయాట్ట. పీడా వదిలింది."

నడీన్ తాళాలు జేబులో వేసుకుంది. తను ఓడెల్ ప్రూయిట్ కూతురినని ఆమె ఏనాడూ చెప్పలేదు. పెళ్లితో ఇంటిపేరు మారింది. మెకానిక్ తండ్రి ఎవరో ఆరా తీసే అలవాటు హాస్కెట్‌కి లేదు.

ఫ్యాక్టరీలో అదొక పాత ఆనవాయితీ. కిట్టని ఫోర్‌మన్ తనకోసం కొనుక్కున్న కారు, బండ్లు బిగించే లైన్ మీదకొచ్చిందంటే, తలుపుకి లోపలివైపు అట్ట బిగించేలోపు ఎవరో ఒకరు లోపలికి ఖాళీ కూల్‌డ్రింక్ సీసా జారవిడుస్తారు. ఇక జన్మంతా మోగుతుంది. ఎవరు వేశారో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు.

ఆ సంగతి తెలిసే, తన రీజెంట్ తయారైన రోజున హాస్కెట్ దాని పక్కనే నడిచాడు, పెళ్లికూతుర్ని నడిపించుకొచ్చే తండ్రిలా. ఓడెల్ ఎడమ తలుపులో అద్దాన్ని ఎక్కించి దించే మర బిగిస్తున్నాడు. "నీ బిగింపు నేను నమ్మను, తప్పుకో," అని హాస్కెట్ రెంచి లాక్కున్నాడు. భుజం దాకా చెయ్యి దూర్చి బోల్టులు తనే బిగించాడు. చెయ్యి ఇరుక్కుంది. బూతులు తిడుతూ గుంజుకుంటే లైనంతా కిసుక్కుమంది. నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వలేక చచ్చేవాడు.

సాయంత్రానికి ఆ నవ్వు మాయమైంది. కంపెనీ యాభయ్యేళ్ల పండక్కి ఇచ్చిన బంగారు వాచీ పోయిందని హాస్కెట్ గోల పెట్టాడు. లైన్లో ఎవరి చేతికీ వాచీ గానీ ఉంగరం గానీ ఉండకూడదు, కొత్త రంగు గీసుకుపోతుంది. ఓడెల్ పెళ్లి ఉంగరాన్ని సబ్బు రాసి మరీ తీయించినవాడు హాస్కెట్. "వాచీ విప్పి కోటు జేబులో వేశాను. కోటు ఓడెల్ పక్కనే కొక్కేనికి తగిలించాను," అన్నాడు. ఆ మాట అందరూ నమ్మారు.

ఆ తర్వాత ఊళ్లో ఏ ఫ్యాక్టరీ ఓడెల్‌ని గుమ్మం తొక్కనివ్వలేదు. బౌలింగ్ హాల్లో నేల తుడిచి బతికాడు. మంగలి షాపులో కూర్చుంటే చాలు, ఎవడో ఒకడు, "ఓడెల్, టైమెంతయిందేంటి?" అనేవాడు. స్కూల్లో నడీన్‌నీ అదే అడిగేవారు. ఆ ప్రశ్న వింటూ, హాస్కెట్ మీద పళ్లు నూరుకుంటూనే ఆమె పెద్దదైంది.

అందుకే హాస్కెట్ మొదటిసారి ఈ కారు తెచ్చినప్పుడు ఆమెకి పండగే అయింది. చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో నిమిషంలో తెలిసిపోయింది. నాలుగు మరలు విప్పితే పని అయిపోతుంది. ఆమె విప్పలేదు. బందులకి కాస్త నూనె రాసి పంపించేసింది.

ఆ సాయంత్రం నాన్న దగ్గర కూర్చుని అడిగింది. "సీసా వేసింది నువ్వేనా నాన్నా?"

ఓడెల్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "అలాంటివి అడక్కూడదే. ఇంతకీ తీసేశావా?"

"నా ప్రాణం పోయినా తీయను."

"తీయకులే. మోగనీ."

ఆ ముసలాయనకి ఈ లోకంలో దక్కిన న్యాయం ఆ ఒక్క చప్పుడే అనుకుంది నడీన్. హాస్కెట్ మళ్లీ వచ్చిన ప్రతిసారీ ఆ నాలుగు మరలూ ఇంకాస్త బిగించి పంపింది. నాన్న ఆఖరి మాట కూడా వాచీ గురించే. "నేను తియ్యలేదు తల్లీ," అన్నాడు, తెలియనిదేదో ఆమెకి చెబుతున్నట్టు.

ఇవాళ మధ్యాహ్నం నాన్నని పూడ్చిపెడతారు.

హాస్కెట్ అటు వెళ్లగానే నడీన్ షెడ్డు తలుపు మూసింది. కారు మ్యూజియానికి పోయేలోపు ఆ సీసా తనకి కావాలి. నాన్న చేతిలో పెట్టి పంపాలి. దాని బదులు వెయ్యడానికి గుప్పెడు నట్లు ముందే ఏరి పెట్టుకుంది. అంతమంది పెద్దల ముందు హాస్కెట్ పరువు తీస్తూ మోగనీ.

నాలుగు మరలూ విప్పింది. అట్ట ఊడదీసింది. దీపం దగ్గరికి లాక్కుని, గాజు తగులుతుందని లోపలికి చెయ్యి పెట్టింది.

తలుపు అడుగున, వీపున వెర్లిన్ హాస్కెట్ అన్న పేరు చెక్కిన బంగారు వాచీ ఉంది; తెగిపోయిన దాని తోలు పట్టీ ముక్క, పైన అద్దం మర దగ్గర ఆ రోజు హాస్కెట్ తన చేత్తో తనే బిగించిన బోల్టు కింద ఇంకా నలిగే ఉంది.