రెండో చెయ్యి

"రెండో చెయ్యి తియ్యమ్మాయ్! అది రాకెట్టా, రోకలా?"

కరీముల్లా మాస్టారి కేకకు కోర్టు చుట్టూ నవ్వులు లేచాయి. జయకుమారి చెయ్యి తియ్యలేదు. ఎడమవైపు వచ్చిన బంతిని రెండు చేతులతోనే బలంగా కొట్టింది. అది నెట్‌ను రాసుకుంటూ పోయి అవతలి మూలన పడింది.

"అదీ! దంచవే నా తల్లీ!" కంచె బయట నుంచి అరిచింది వాళ్ళమ్మ ఎలీసమ్మ. మిరపకాయల తొడిమలు తీసే పని ఆ పూట మానుకుని, ప్రత్తిపాడులో బస్సెక్కి గుంటూరు వచ్చింది.

ఈ ఆట గెలిచిన పిల్లకే జిల్లా టెన్నిస్ జట్టులో మిగిలిన ఒక్క చోటు. జట్టు పోటీలకు రైలెక్కి విశాఖపట్నం వెళుతుంది. తొమ్మిదో తరగతి చదివే జయకుమారి ఇంతవరకూ రైలెక్కలేదు. ఎక్కబోతోందని ఎలీసమ్మ మాత్రం పేటంతా చెప్పేసింది.

"మీరేనా నేర్పింది?" అడిగాడు యలమందయ్య. జట్టును ఎంపిక చేసేది ఆయనే.

"అయ్యయ్యో, నేనెందుకు నేర్పుతానండీ! ఇరవై ఏళ్ళుగా మా బడిలో ఒంటిచేతి బ్యాక్‌హాండే. ఈ పిల్లే బడి రాకెట్‌తో నెల రోజుల నుంచి ఇలా మొదలుపెట్టింది. అడిగితే నేల చూపులు చూస్తుంది."

"టీవీలో చూడటంలేదా మాస్టారూ? విదేశాల్లో ఇప్పుడంతా ఇదే. నడుం బలం మొత్తం బంతి మీదికొస్తుంది."

"దూరం బంతి అందుతుందా?"

"అందకపోతే కాళ్ళున్నాయిగా!"

జయకుమారి కాళ్ళు ఆ మాట విన్నట్టే పరుగెత్తుతున్నాయి. అవతల డాక్టరుగారి అమ్మాయి ఎడమవైపుకే కొడుతోంది, ఈ పిల్ల తిప్పికొడుతోంది.

"సర్వీసు మరీ మెల్లగా చేస్తోందే?" అన్నాడు యలమందయ్య.

"బలం దాచుకుంటోందండీ," అనేశాడు మాస్టారు. తాను ఏ పక్షాన మాట్లాడాడో తెలిసి నాలుక కరుచుకున్నాడు.

చివరి బంతి కూడా రెండు చేతులదే. డాక్టరుగారి అమ్మాయి కదలనైనా కదల్లేదు.

"రైలు! రైలు!" అంటూ ఎలీసమ్మ కంచె సందులోంచి దూరి వచ్చింది. చీర కొంగు తీగకు చిక్కుకుంటే అక్కడే నిలబడి ఎగిరింది. ఓడిన పిల్ల కూడా నవ్వింది.

"రేపటి నుంచి బడిలో అందరికీ రెండు చేతులే!" ప్రకటించాడు మాస్టారు. ఎవరిదో రాకెట్ లాక్కుని రెండు చేతులతో గిర్రున తిప్పాడు. కళ్ళజోడు ఎగిరి నెట్‌లో పడింది.

"ఆగండాగండి, చూసి నేర్చుకోండి." యలమందయ్య నవ్వు ఆపుకోలేక, జట్టు కోసం తెచ్చిన కొత్త రాకెట్ జయకుమారికి అందించాడు. "ఇక నుంచి ఇది నీదమ్మా. ఒక్కటి కొట్టి చూపించు."

ఎడమవైపుకు బంతి వేశాడు. జయకుమారి ఒక్క చేత్తో కొట్టింది. బంతి గీత మీద పడి దూసుకుపోయింది.

అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి.

"రెండో చెయ్యేదమ్మా?" అడిగాడు యలమందయ్య.

జయకుమారి కొత్త రాకెట్‌ను గుండెకు హత్తుకుని, మాస్టారి వైపు భయంగా చూసి, మెల్లగా చెప్పింది.

"దీని పిడి విరగలేదుగా సార్!"