ఆరో బోరు

“స్కాన్ ఇట్లుందంటే ఇంక ఆశేముంది సార్? ఇంటికి తీస్కపోతాం,” అన్నాడు ఓబుల్‌రెడ్డి. సింహాద్రిపురం నుంచి పిలిపించిన అంబులెన్సు అప్పటికే ప్రొద్దుటూరు ఆసుపత్రి గేటు దగ్గరుంది.

“ఆశ లేదని నేననలేదు. మెదడుకు దెబ్బ లోతుగా తగిలింది. ఇట్లాంటి స్కాన్ వచ్చినవాళ్లలో కొద్దిమందే లేస్తారు. మీ తమ్ముడు ఆ కొద్దిమందిలో ఉన్నాడో లేదో కొన్ని నెలలాగితేగానీ తెలీదు,” అన్నాడు డాక్టరు.

“కొద్దిమందంటే లేనట్టే గదా సార్.”

బండి మీద నుంచి పడి పన్నెండు రోజులుగా కళ్లు తెరవని జయచంద్ర మంచం పక్కనుంచి అతని భార్య హేమలత లేచింది. బావ ముందు ఏనాడూ గొంతెత్తని మనిషి.

“బావా, మన చీనీతోటలో ఎన్ని బోర్లు వేస్తివి?”

“ఇప్పుడా మాటెందుకమ్మా?”

“మిషన్ పెట్టి చూసినాయన నీళ్లు పడేది శానా కష్టమనె. ఐదు ఎండిపాయ. అయినా ఆరోది వేస్తివి. చెట్లు సచ్చిపోతాంటే చూస్తా ఎట్ల కూర్చుండేదంటివి. ఈయప్పకు ఒక్క స్కాన్ ఫొటోతోనే సాలిస్తాండావా?”

ఓబుల్‌రెడ్డికి తల కొట్టేసినట్టయింది. బయటికెళ్లి అంబులెన్సును పంపించేశాడు. తిరిగి వార్డు గుమ్మం దాకా వచ్చాడుగానీ, మరదలి మొహం చూడటానికి ధైర్యం చాలక అక్కడే ఆగిపోయాడు.

ఆరో బోరులోనూ దుమ్మే లేచిన రోజు, అతని భుజం మీద చెయ్యేసి, “ఇంగోటి వేద్దాంలేన్నా” అన్నది జయచంద్రే.