ఇంకో చుట్టు

"ఇంకో చుట్టు తిప్పు బాబూ!" అంది వెనక సీట్లో మామ్మగారు.

పైలట్ నవ్వుకున్నాడు. డెబ్భై ఎనిమిదో పుట్టినరోజని మనవరాలు టికెట్ కొనిచ్చి పంపిన విమాన షికారు అది. ఊరంతా పైనుంచి చూసినా ఆవిడకి ఆశ తీరలేదన్నమాట!

"టైమైపోయింది మామ్మగారూ. దిగిపోతున్నాం, గట్టిగా పట్టుకోండి."

"దిగకు నాయనా. ఇంకో చుట్టు!"

ఈసారి గొంతు పెంచింది.

అప్పటికే రన్‌వే సగం దాటిపోయింది. వేగం మాత్రం తగ్గలేదు. ఉద్యోగంలో చేరి మూడు నెలలే. ఆలస్యమైతే పెద్దసారు చెవులు మెలేస్తాడు. పైలట్ విమానాన్ని బలవంతంగా నేలకు నొక్కాడు.

ఆ బుల్లి విమానం బంతిలా ఎగిరింది. పడింది. మళ్ళీ ఎగిరింది. ఈసారి పడ్డప్పుడు ముందు చక్రం విరిగి, ముక్కుతో మట్టి దున్నుకుంటూ గడ్డిలోకి పోయి ఆగింది.



"స్విచ్చి కట్టెయ్యి నాన్నా. దిగు," అంది మామ్మగారు, తన బెల్టు తనే విప్పుకుంటూ.

దూరంగా వెళ్ళి నిలబడ్డాక ఆవిడ తన కాళ్ళూ చేతులూ చూసుకుంది. తర్వాత అతనివి తడిమి చూసింది. పకపకా నవ్వేసింది.

"ఇద్దరికీ గీత కూడా పడలేదు. ఇంతకన్నా మంచి పుట్టినరోజేముంది!"

పైలట్‌కి ఏడుపొక్కటే తక్కువ. "ఉన్నట్టుండి గాలి కొట్టిందండీ... లేకపోతేనా..."

ఆవిడ రన్‌వే పక్కన స్తంభానికి కట్టిన, గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి వైపు చూసింది. అది ఆరేసిన మేజోడులా వేలాడుతోంది.

"ఏదీ గాలి?"

అతను తల దించుకున్నాడు. "వేగంగా వచ్చేశాను. తప్పు నాదే."

"ఆ ముక్కే రాసివ్వు. అబద్ధం చెప్పావో, ఆ సంచికి రోజూ నువ్వే గాలి కొడుతూ ఉండాలి."

అంత బాధలోనూ అతనికి నవ్వొచ్చింది.

మనవరాలు పరుగెత్తుకొచ్చి, ఏడ్చి, తిట్టి, మామ్మని కారెక్కించుకుంది.

పెద్దసారు కాగితం చదివాడు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

"నిజం రాశావు కాబట్టి ఉద్యోగం నిలిచింది. నెల రోజులు నేల మీదే ఉండు. తర్వాత నా పక్కన కూర్చుని మళ్ళీ ఓనమాలు దిద్దు."

"అలాగేనండీ!"

"సరే గానీ, దిగకుండా పైకి లేపి ఇంకో చుట్టు తిరిగి రావాలని తట్టలేదా?"

"వెనక మామ్మగారు అదే అన్నారండీ. సరదాకి అడుగుతున్నారనుకున్నాను."

పెద్దసారు రిజిస్టరులో ఆవిడ పేరు చూశాడు. కుర్చీ వెనక్కి పడేలా లేచి గేటు దాకా పరుగెత్తాడు. వెనకే పైలట్.

కారు మలుపు తిరిగిపోయింది.

పెద్దసారు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతున్నాడు.

"నేను మొదటిసారి ఒంటరిగా విమానం దింపి ముక్కు విరగ్గొట్టిన రోజు, గడ్డిలోంచి నన్ను లేవదీసి ఇలాగే పకపకా నవ్విన నా పంతులమ్మ ఆవిడేరా!"