ట్రక్కు ఎవరికి ఇచ్చినట్టు?

"పేరు చెప్పండి చాలు. మిగతాదంతా నేను రాసుకుంటాను," మళ్లీ అడిగింది మార్లిస్.

అడెలీన్ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఇచ్చేశాను కదా పిల్లా. ఇచ్చేసినదాని గురించి ఇంకా రాయడానికేముంది?"

అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో, ఆహార సహాయం ఆఫీసులో మార్లిస్ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. అడెలీన్‌లాంటి లకోటా ఆదివాసుల్లో మనిషి పోయిన ఏడాదికి ఊరందరికీ భోజనం పెట్టి, ఇంట్లో ఉన్న మంచి వస్తువులన్నీ పంచిపెట్టేస్తారని ఆమెకు తెలుసు. అలా పంచిన దుప్పటి ఒకటి ఆమె ఇంట్లోనూ ఉంది. కానీ ఆఫీసు కంప్యూటరుకు ఇవేవీ పట్టవు. దాని దృష్టిలో అడెలీన్ పేదరాలిగా కనబడడం కోసం, చనిపోయిన కొడుకు వెస్లీ ట్రక్కును కావాలని వదిలించుకున్న మనిషి. అందుకు శిక్ష, ఏడాదిపాటు సహాయం బంద్.

మార్లిస్ ఊరుకోలేదు. గడ్డు పరిస్థితిలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఇవ్వవచ్చని నిబంధనల్లో ఎక్కడో మూల ఒక మాట ఉంటే, దాన్ని పట్టుకుని పెద్దాఫీసుతో కొట్లాడింది. చివరికి వాళ్లు సరేనన్నారు. ఒకటే షరతు. ట్రక్కు ఇంట్లోవాళ్ల చేతికి మాత్రం పోయి ఉండకూడదు.

"తినడానికి ఏముంది ఇంట్లో?"

"పిండి ఉంది. మనవరాలికి రొట్టె వేయించి పెడుతున్నా. బడి ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం అక్కడే తినేది. సెలవులిచ్చేసి నా పీకల మీదికి తెచ్చారు."

"మరి మీరు?"

"ఒళ్లు తగ్గమని డాక్టరు ఎప్పట్నించో చెప్తున్నాడు. నీ ఆఫీసూ డాక్టరూ కూడబలుక్కున్నట్టున్నారు."

మార్లిస్‌కు నవ్వు రాలేదు. అడెలీన్ చెంపలు పోయిన నెలకన్నా లోపలికి పోయాయి.

"మీ పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. ఆ ట్రక్కు రోజూ మీ వాకిట్లోనే ఉంటోందట."

"వాళ్ల కళ్లు బాగా కనిపిస్తున్నాయన్నమాట. సంతోషం."

"ఇవాళ కూడా దాంట్లోనే వచ్చారు. అదిగో, అదేగా?"

"అదే."

"నడుపుతున్నదెవరు?"

"డారెల్."

"మీకేమవుతాడు?"

"కొడుకు."

మార్లిస్ చేతులు కంప్యూటరు మీదే ఆగిపోయాయి. "మీ కాగితాల్లో వెస్లీ ఒక్కడే ఉన్నాడు."

"అప్పుడు ఒక్కడే."

ఇందాక ట్రక్కు దిగుతూ అడెలీన్ అతన్ని 'చింక్షీ' అని పిలవడం మార్లిస్ విన్నది. కొడుకా అని. ఇన్నేళ్లలో ఆమె నేర్చుకున్న నాలుగు లకోటా మాటల్లో అదొకటి. ఆమెకు ఒక దారి తట్టింది.

"మీవాళ్లు చెల్లెలి కొడుకుని కూడా అలాగే పిలుస్తారు కదా. చెల్లెలి కొడుకని చెప్పండి, అతని ఇల్లు వేరని రాసేస్తాను. ఇంక పేచీ ఉండదు."

"చెల్లెలి కొడుకు కాదే. నా కొడుకు."

"పోనీ, ఎవరి బిడ్డ?"

"కొడుకన్నాక అంతకుముందు ఏమిటో మేం మాట్లాడం. మీలో మాట్లాడుకుంటారేమో."

మార్లిస్‌కు అర్థమైపోయింది. అడెలీన్ మొగుడు బతికున్న రోజుల్లో గుర్రప్పందేలని ఊళ్లమ్మట తిరిగేవాడు. ఎక్కడో కన్న బిడ్డ ఇప్పుడు తేలి ఉంటాడు. పోయినవాడి పరువు కోసం ఈవిడ పసిపిల్ల కడుపు మాడుస్తోంది. ఆ ఆలోచన రాగానే జాలి పోయి ఒళ్లు మండింది.

"అయితే ట్రక్కు వెనక్కి తీసుకుని అమ్మేయండి."

"వెస్లీ పేరు మీద ఇచ్చింది మళ్లీ అడుక్కుంటే, వాడికి నేనేం చేసినట్టు?"

"ఆకలితో ఉన్న అతని కూతురికి ఏం చేస్తున్నట్టు?"

అడెలీన్ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మార్లిస్ కాస్త ఆగి చూసి, 'ట్రక్కు కుటుంబసభ్యుడి వద్దే ఉంది, మినహాయింపు లేదు' అని కొట్టి మీట నొక్కేసింది. ఒకసారి నొక్కాక వెనక్కి తీసుకోవడం ఆమె చేతుల్లో లేదు.

"ఏడాది," అంది.

"నీ తప్పేం లేదులే," అని అడెలీన్ కుర్చీ పట్టుకుని లేచి, బాత్రూం ఎటని అడిగి వెళ్లింది.

మార్లిస్‌కు కూర్చోబుద్ధి కాలేదు. వారానికోసారి సరుకులిచ్చే చర్చి చిరునామా ఒక కాగితం ముక్క మీద రాసుకుని బయటికి వెళ్లింది. ఎండలో ట్రక్కు పక్కన నిలబడ్డ డారెల్ ఆమెను చూసి టోపీ తీశాడు. పాతికేళ్లుంటాయి. చేతుల నిండా కట్టెలు కొట్టిన కాయలు.

"ఇది మీ అమ్మకివ్వు. ఈ ఏడాదికి మా దగ్గర్నించి ఏమీ రాదు. నీ పుణ్యమే."

అతను ఆ ముక్క అందుకున్నాడు. "ట్రక్కు అమ్మేస్తానని ఎన్నిసార్లో చెప్పానండీ. ఒప్పుకోలేదు. వెస్లీ చమురు బావుల్లో చెమటోడ్చి కొనుక్కున్నాడు, అది తిరుగుతూ ఉండాలి, నువ్వు నడుపు అంటుంది. నేను తింటే గానీ తను తినదు. నాకేమో ఆ ముద్ద దిగదు."

"ఒక్క మాట చెప్తే గండం గడిచేది. నువ్వెవరి బిడ్డవో చెప్పడానికి ఆవిడకి సిగ్గు. నీకూ సిగ్గేనా?"

"ఎవరి బిడ్డనేంటి? మా అమ్మానాన్నా ఉత్తర డకోటాలో ఉన్నారండీ. వాళ్లకీ ఈవిడకీ చుట్టరికం లేదు."

మార్లిస్‌కు ఒక మాట గుర్తొచ్చింది. వెస్లీ ఆ రాష్ట్రంలోనే ఏదో రోడ్డు మీద పోయాడని విన్నది.

"మరి నువ్వు వెస్లీకి ఏమవుతావు?"

డారెల్ ఆఫీసు తలుపు వైపు చూశాడు. అడెలీన్ ఇంకా రాలేదు. అయినా గొంతు తగ్గించాడు.

"పోయిన కొడుకు చోట్లో నన్ను కొడుకుని చేసుకుందండీ. నా బండితో వెస్లీని గుద్ది చంపింది నేనే."