చల్లగా, పుల్లగా, కాస్త గట్టిగా

"ఇంకో పది నిమిషాలు ఉడకనివ్వండి. గింజ ఇంకా పలుకు మీదుంది," అంది భార్య.

"ఉండనీ. నాక్కావలసింది ఆ పలుకే," అంటూ అతను గోధుమల్ని చిల్లుల గిన్నెలోకి వంపేశాడు.

ఆదివారం. ఎండ మండిపోతోంది. వాళ్ళు ఈ మేడలోకి దిగి వారమే అయింది. సాయంత్రం నాలుగింటికి పన్నెండు వాటాల వాళ్ళనీ ఇంటికి పిలిచాడతను. ఈ ఎండలో వేడివేడిగా ఏం పెట్టినా వచ్చినవాళ్ళు తిట్టుకుంటారని, గోధుమల్లో పండ్ల ముక్కలు కలిపి చల్లగా తలో గిన్నె ఇద్దామన్నాడు. పైగా తనే చేస్తానన్నాడు. కాఫీ కలపడం కూడా రాని మనిషి ఆ మాట అనేసరికి ఆవిడకు గుండె గుభేలుమంది.

గుభేలుమనడానికి ఇంకో కారణం ఉంది. ఇప్పటికి రెండు ఊళ్ళలో మకాం పెట్టి, రెండు చోట్లా ఈగలు తోలుకున్నాడతను. ఇది మూడో ఊరు. ఈ మేడలోనే కింద, వీధి వైపు గది అద్దెకు తీసుకున్నాడు. అద్దాలకు అంటించిన పాత కాగితాలు ఇంకా తియ్యలేదు. రేపే ప్రారంభం.

"ఈసారి కూడా దుకాణం కట్టేస్తే మా సిమెంటు గోడౌనుకి వచ్చెయ్యండి అల్లుడుగారూ. మావాడి కింద ఏదో ఒక పని చూపిస్తాం," అని మావగారు తేల్చి చెప్పేశారు. ఆ బావమరిది ముందుచూపున్న మనిషి. బావ కోసం అప్పుడే ఒక స్టూలు కొనేశాడట.

అందుకే ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. ముందు ఈ మేడలోవాళ్ళు వస్తేనే కదా, వాళ్ళను చూసి వీధిలోవాళ్ళు వచ్చేది! వాళ్ళకు పెట్టే మొదటి ముద్దే ఇలా తగలడితే ఎలా?

"పుచ్చకాయ ముక్కలు వేద్దామండీ. మెత్తగా, హాయిగా ఉంటుంది."

"పుచ్చకాయ వద్దు. జామకాయలు తరుగు. దోరవి చూసి తియ్యి."

"గింజలు తీసెయ్యనా?"

"అయ్యయ్యో, గింజలే ముఖ్యం!"

ద్రాక్షపళ్ళు పొద్దుటి నుంచీ ఫ్రీజర్లో ఉన్నాయి. గోళీల్లా అయ్యాయి. వాటిని అలాగే కుమ్మరించాడు. రెండు దానిమ్మకాయలు వలిచి కలిపాడు. ఆవిడ ఒక నిమ్మకాయ చాలంటే నాలుగు పిండాడు. తేనె ధారగా పోసి, పుదీనా తుంచి వేసి, ఆ గిన్నెను మంచుగడ్డల మధ్య దించాడు.

ఆవిడ ఒక చెంచా నోట్లో వేసుకుని భుజాలు ముడుచుకుంది.

"మనుషుల్ని పిలిచి పెడుతున్నారా, పగ తీర్చుకుంటున్నారా?"

అతను ఈల వేసుకుంటూ చెంచాలు తుడవసాగాడు.

నాలుగింటికి జనం వచ్చారు. అందరికంటే ముందు పక్క వాటాలోని పెద్దాయన. ఎనభై దాటాయి. గిన్నె అందుకుని, గింజల్నీ జామ ముక్కల్నీ కరకరలాడించి, అడుగున మిగిలిన రసం కూడా తాగేశాడు.

"దివ్యంగా ఉంది నాయనా! ఇంకాస్త వెయ్యి."

భార్యకు ప్రాణం లేచొచ్చింది. అతని మొహం మాత్రం వేలాడిపోయింది. ఆ తర్వాత వచ్చిన కొత్త జంట కూడా నవ్వుకుంటూ తుళ్ళుకుంటూ ఊడ్చుకు తినేసరికి, అతను దిగాలుగా గోడకు చేరగిలబడ్డాడు. ఆవిడకేమీ అర్థం కాలేదు.

ఇంతలో లెక్కల మాస్టారు మూడో చెంచా దగ్గర ఆగిపోయారు. ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది.

"ఏమైంది మాస్టారూ?"

"అబ్బే, ఏం లేదు. కాస్త చల్లగా ఉంటేనూ..."

అతని మొహం చాటంతైంది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

టైలరమ్మ ముద్దనంతా ఒక బుగ్గలోకి నెట్టి, ద్రాక్షపండును నమలకుండా మింగేసింది. ఆమె పేరూ రాసుకున్నాడు. మూడో అంతస్తు మీసాలాయన, ఇప్పుడే వస్తానంటూ గిన్నెతో సహా బాల్కనీలోకి వెళ్ళి అరగంటైనా రాలేదు. ఆయన పేరు రాసి కింద గీత కూడా గీశాడు.

ఏడుగురు సగం సగం వదిలేసి, "చాలా బాగుందమ్మా," అని మర్యాదగా అబద్ధమాడి వెళ్ళిపోయారు. భార్యకు తల కొట్టేసినట్టయింది. గిన్నెలు తీస్తూ కళ్ళు తుడుచుకుంది.

"ఆ పుస్తకంలో రాసిందేమిటి?"

"మన దగ్గరికి ఎవరెవరొస్తారో రాసుకున్నాను."

"ఎవరొస్తారింక! ఆ పెద్దాయన ఒక్కడే రెండు గిన్నెలు తిన్నాడు. ఆయన పేరైనా రాశారా?"

"ఆయన రాడులే."

"కొత్త జంట?"

"వాళ్ళిప్పట్లో రారు."

"మరి మాస్టారు? ఆయన మూడు చెంచాలతో సరిపెట్టేశారు!"

"ఆయనా? రేపు పొద్దున్నే వస్తారు. టైలరమ్మ కూడా."

ఆవిడ చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. మొగుడి వైపు చూసింది. గిన్నె అడుగున మిగిలిన జామ గింజల వైపు చూసింది.

"ఛీ, మీరసలు మనిషేనా!" అని తువ్వాలుతో ఒక్కటేసి, నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది.

మర్నాడు పొద్దున్నే చెంప పట్టుకుని మెట్లు దిగిన లెక్కల మాస్టారు, ఆయన వెనకే టైలరమ్మ, ఆవిడ వెనక మీసాలాయన, కింద గదికి అప్పుడే బిగించిన బోర్డు చూసి ఆగిపోయారు: 'దంత వైద్యశాల.'