ఆర్గాన్ ట్యాంకరు

బంగారుపాళ్యం హైవే పక్కన ఆగిన ట్యాంకరు నుంచి తెల్లటి పొగ బుస్సుమంది. టీకొట్టు ఆనందమ్మ హడలిపోయి బిందెడు నీళ్లు పొయ్యిలో కుమ్మరించింది.

"గ్యాసు లీకయితా ఉండాది! బండి తీసుకోని పో రేయ్!"

డ్రైవరు మునిశేఖర్ కిందికి దూకాడు. "ఇది అంటుకోదమ్మా. గాలిలో ఉండే ఆర్గానే. మంచుకన్నా శానా చల్లంగా చేస్తే నీళ్లమాదిరి అయితాది. రవ్వంత ఆవిరైతే ఇట్ల బయటికొస్తాది. స్టీలు వెల్డింగులో అతుకు మాడకుండా కాస్తాది."

"మా పాప రేణిగుంటలో చేసేది ఆ పనే," అంటూ ఆనందమ్మ ఊపిరి పీల్చుకుంది. "పొయ్యి ఆరిపోయింది. టీ లేదు, పో."

"టీకి రాలేదమ్మా." మునిశేఖర్ తల వంచుకున్నాడు. "మీ పాపే పంపించింది. మన పెండ్లికి మాయమ్మను ఒప్పించుకో పో అనింది."

ఆనందమ్మ నోరు తెరిచి చూసింది. తర్వాత కొంగుతో బెంచీ తుడిచింది.

"కూర్చో నాయనా. మీది యా ఊరు?"